ముప్పై రెండో నంబరు బండి ఎవరు కొన్నారు?

సాయంత్రం ఐదింటికి వచ్చి ఆరిన్ పికెట్ చేతులకు బేడీలు వేసి తీసుకుపోతానని షెరీఫ్ ఆఫీసు సార్జెంట్ గార్లండ్ స్ట్రౌడ్ ఊళ్ళో నలుగురూ వినేలా చెప్పి వెళ్ళాడు. ఒపల్ రెన్‌ఫ్రో ఆరిన్ ఇంటి వరండా మెట్లెక్కేసరికి పన్నెండూ నలభై అయింది.

ఒపల్ పంతొమ్మిదేళ్ళు టెక్సస్ హైవే కాటా దగ్గర లారీల బరువులు తూచిన మనిషి. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. కేసులు లేని రోజుల్లో, పాత మోటర్‌హోమ్ కొనబోయేవాళ్ళ వెంట వెళ్ళి, ఆ ఇల్లుబండి కిందికి దూరి, మంచీ చెడ్డా చెప్పిపెడుతుంది. నిజం చెప్పాలంటే కేసులు లేని రోజులే ఎక్కువ. మనిషి నోటికంటే ఇనుమునే ఎక్కువ నమ్మాలని ఆ కాటా ఆవిడకు నేర్పింది.

ఆరిన్ వయసు అరవై ఏడు. పాత మోటర్‌హోమ్‌లు అమ్మే హార్లన్ వాస్ అనే పెద్దమనిషి యార్డులో మెకానిక్కు. తొమ్మిది రోజుల కిందట, మంగళవారం నాడు, రోడియో స్వారీ పోటీలకు గుర్రాలు సరఫరా చేసే వెండెల్ క్రోట్ అనే కాంట్రాక్టరు ఆ యార్డులో బండి కొని, వెనక ఆరు గుర్రాలున్న ట్రైలరు తగిలించుకుని బయల్దేరాడు. పదకొండూ ముప్పై ఐదుకి రెడ్ మ్యూల్ వాలు దిగుతుంటే కొక్కెం ఊడి, ట్రైలరు అడ్డం తిరిగి గుద్ది, బండిని కూడా లోయలోకి తోసేసింది. వెండెల్ పోయాడు, గుర్రాలూ పోయాయి. బండి బాగుందని సంతకం పెట్టింది ఆరిన్.

"ముందు తినండి," అంది ఒపల్. ఆయన ఒళ్ళోని ప్లేట్లో చిక్కుళ్ళూ మొక్కజొన్న రొట్టే చల్లారిపోయాయి.

"గొంతు దిగట్లేదమ్మా. నా సంతకం నమ్మి ఒక మనిషి చచ్చిపోయాడు."

"అదే నిజమో కాదో తేల్చమని మీ అమ్మాయి నన్ను పిలిచింది. మీరు ఆ బండి చూసింది ఎప్పుడు?"

"అంతకు ముందు శుక్రవారం, పొద్దున తొమ్మిదింటికి."

"ఏమేం చూశారో చెప్పండి. నాకు తెలిసిందే కదా అని ఏదీ వదిలెయ్యకండి."

పని గురించి అడగ్గానే ముసలాయన నడుము కాస్త నిటారయింది. "వెండెల్ ట్రైలరు గుర్రాల్తో కలిపి పదిహేడు వేల నాలుగొందల పౌండ్లు. అందుకని ముందు డ్రైవరు తలుపు తీసి స్టిక్కరు చూశా. బండీ, దాని వెనకాల లాగేదీ కలిపి నలభై ఏడు వేలు దాటకూడదని ఉంది. ట్యాంకుల్నిండా నీళ్ళూ డీజిలూ పోసి కాటా ఎక్కించా. ఇరవై ఏడు వేలు తూగింది. అంటే ఇంకో ఇరవై వేలు లాగుతుంది."

"ఖాళీ ట్యాంకుల్తో తూచలేదు కదా?"

"ఖాళీ ట్యాంకుల్తో తూచేవాడు అమ్మేవాడమ్మా, నాలాంటోడు కాదు." ఆయన మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. "టైర్లు రెండేళ్ళ నాటివి. అరుగుదల చూసి చెప్పట్లా, పక్కన అచ్చేసిన వారం, సంవత్సరం చూసి చెబుతున్నా. తర్వాత కిందికి దూరా. ఛాసీ దూలాలు ముందు నుంచి తోక దాకా ఒకటే ఇనుము. ఎక్కడా అతుకు లేదు. కొక్కెం బోల్టులు ఎనిమిదీ నేనే బిగించి గీత పెట్టా."

"ఏం గీత?"

ఆరిన్ ప్లేటు పక్కన పెట్టాడు. "మా ఆవిడ లూయెల్లా గోళ్ళ రంగు. ఊదా రంగు. అది పోయి నాలుగేళ్ళయింది, ఒక పెట్టెడు సీసాలు మిగిల్చిపోయింది. నట్టు మీంచి, పలక మీంచి, ఛాసీ దూలం దాకా ఒకటే గీత గీస్తా. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనబడుద్ది. ఈ కౌంటీలో రోడియో వాళ్ళంతా ఊదా గీత ఉంటేనే కొంటారు. వెండెల్ కూడా ఆ సాయంత్రం వచ్చి, వంగి గీత చూసుకుని, చాలు ఆరిన్ అన్నాడు. కొక్కెం మీద ఇరవై వేలు అని రేకు ఉంది, కింద నా గీత ఉంది, ఇంకేం కావాలన్నాడు."

అందరూ చేసే తప్పే వెండెలూ చేశాడని ఒపల్‌కి అర్థమైంది. రేకు మీది అంకె కొక్కెం బలం చెబుతుంది గానీ, బండి బలం చెప్పదు.

"కాగితంలో బండి నంబరు ఏం రాశారు? ఛాసీ మీద చెక్కి ఉంటుందే, అదేనా?"

"అదెవరు రాస్తారమ్మా? అద్దం మీద తెల్ల బూటు పాలిష్‌తో యార్డు నంబరు రాసుంటుందిగా. ముప్పై ఒకటి. అదే రాశా. శని, ఆది, సోమ సెలవులు. ఇంటి దగ్గరే ఉన్నా. మంగళవారం నేను వెళ్ళేసరికి హార్లనే స్వయంగా ట్రైలరు తగిలించి వెండెల్ని పంపించేశాడు."

"గుడ్డ పెట్టి తుడిస్తే పోయే నంబరు మీద సంతకం పెట్టారు పెద్దాయనా," అంది ఒపల్. కోపంగా అనలేదు గానీ, ఆయన మొహం మాత్రం నిజంగానే పాలిపోయింది.

*

యార్డు ఆఫీసులో హార్లన్ వాస్ ఎదురొచ్చి, టోపీ తీసి, ఐసు వేసిన తియ్యటి టీ గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆయన నోరు తెరిస్తే తేనె కారుతుందని ఊళ్ళో అంటారు. ఒపల్ ఆ టీ ముట్టకుండా గోడ గడియారం చూసుకుంది. ఒకటీ ఇరవై.

"ఆరిన్ నాకు అన్నలాంటివాడమ్మా. కానీ వయసు పైబడింది, కళ్ళు ఆనడం లేదు. నేనే ముందుగా మానిపించాల్సింది. ఆ పాపం నాదే," అన్నాడు.

"పాపం సంగతి తర్వాత. వెండెల్ బండి తీసుకెళ్ళినప్పుడు టైమెంత?"

"పదీ పది."

"ఆరిన్ లేకుండా మీరే తగిలించారా?"

"వెండెల్ తొందరపడ్డాడు. కొక్కేనికి తగిలించడం ఎంత పని! చిన్నప్పట్నించీ చేస్తున్నదే."

"బండి తలుపు మీద బరువుల స్టిక్కరు ఉందా అప్పుడు?"

"ఎండకు ఊడిపోయి ఉంటుంది. టెక్సస్ ఎండ తెలిసిందేగా మేడమ్."

"శుక్రవారం ఆరిన్ చదివాడట."

"అందుకే చెబుతున్నా, ఆయనకు కళ్ళు ఆనవని." హార్లన్ నవ్వాడు. "అయినా అతకడాలూ గితకడాలూ చెయ్యడానికి నా దగ్గర వెల్డింగ్ మిషనే లేదు."

ఒపల్ కలం ఆగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తను వెల్డింగ్ మాట ఎత్తకుండానే ఆయన ఎత్తాడు. ఆవిడ ఏమీ విననట్టే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట బండ్లన్నీ కడిగి, తుడిచి, పెళ్ళికూతుళ్ళలా వరసగా నిలబెట్టి ఉన్నాయి. పైన పటారం లోన లొటారం సరుకు అందులో సగమైనా ఉంటుంది. అద్దాల మీద తెల్లటి అంకెలు చదువుకుంటూ పోయింది. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై మూడు.

"ముప్పై ఒకటి లోయలో పడింది. ముప్పై రెండేది?"

హార్లన్ చేతిలో గ్లాసు బల్ల మీదికి కొంచెం గట్టిగానే దిగింది. "అమ్మేశాను."

"ఎలాంటి బండి?"

"అదే కంపెనీ."

"అదే రంగా?"

"ఏమో, ఎన్నని గుర్తుపెట్టుకోను మేడమ్? ఈ యార్డు దాటి రోజుకో బండి వెళ్తుంది."

"ఎవరు కొన్నారు?"

"కొన్నవాళ్ళ పేర్లు ఊరంతా చెప్పుకుంటూ తిరిగితే నా దగ్గరికి రెండోవాడు రాడు." ఆయన గడియారం వంక రెండుసార్లు చూశాడు. గోడ మేకుకున్న తాళాలు తీసుకున్నాడు. "నాకు దూరంగా ఒక డెలివరీ ఉంది. ఇంకోసారి మాట్లాడుకుందాం."

ఒకటీ నలభైకి ఆయన పికప్పు దుమ్ము రేపుకుంటూ గేటు దాటింది. డెలివరీ అన్నాడు గానీ, ఆ పికప్పు వెనక ఏ బండీ లేదు. ఒపల్ వెంటపడదామా అని ఒక్క క్షణం తటపటాయించింది. ఐదు గంటల గడువు గుర్తొచ్చి శిథిలాలున్న చోటికే కారు తిప్పింది. తర్వాత ఆ క్షణం గురించి తనను తాను చాలా తిట్టుకుంది.

*

లోయలోంచి పైకి లాగిన బండిని కౌంటీ షెడ్డులో పడుకోబెట్టారు. కొక్కేన్నీ, దాంతోపాటు ఊడొచ్చిన రెండు దూలాల ముక్కల్నీ పక్కన చెక్కల మీద పెట్టారు. రెండూ పదిహేనుకి ఒపల్ ఆ ముక్కల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఏం ఒపలమ్మా, కాటా కొలువు పోయినా ఇంకా బరువులు తూచడం మానలేదా?"

గార్లండ్ స్ట్రౌడ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముప్పై యేళ్ళ సర్వీసు, ఈ శుక్రవారంతో ఆఖరు. చివరి కేసు శుభ్రంగా మూసేసి వెళ్ళాలని ఆయన పట్టుదల.

"తూచకుండానే మనుషుల్ని లోపలేసేవాళ్ళున్నంత కాలం ఎట్లా మానతాను?" అంది ఒపల్ తలెత్తకుండా.

"తూచాల్సిందేముంది? ఊదా గీత చూశావుగా. ఎనిమిది బోల్టుల మీదా మీ ముసలాయన చేతిరాత. ఈ కొక్కేన్ని చూసింది ఆయనే, ఊడింది ఈ కొక్కెమే."

"కొక్కెం ఊడలేదు గార్లండ్. గీతలు చూడు. నట్టు మీంచి దూలం దాకా ఒక్కటీ విరగలేదు. ఒక్క బోల్టూ కదల్లేదు. దూలాలతో సహా తోక మొత్తం తెగింది."

"తెగితే? పాత ఇనుము."

"పాత ఇనుమైతే ఎగుడుదిగుడుగా చీలాలి. ఇది గీత గీసినట్టు తెగింది." ఆవిడ జేబులోంచి చిన్న చాకు తీసి, తెగిన అంచు మీది నల్ల పెయింటు గీకింది. కింద కొత్త వెల్డింగ్ అతుకు తళతళలాడింది. "ఇది పోయిన నెల్లోది కూడా కాదు. ఇంకా తుప్పు పట్టలేదు."

స్ట్రౌడ్ నాలుగడుగులు దగ్గరికొచ్చాడు. "రిపేరు చేయించి ఉంటారు. హార్లన్ పాతికేళ్ళుగా తెలిసిన మనిషి. అలాంటి పని చెయ్యడు."

"అలా అని ఆయన చెప్పాడా, నువ్వు చెబుతున్నావా?"

"నోరు జాగ్రత్త."

"నీ కళ్ళు జాగ్రత్త. ఇదిగో, ఈ కొలబద్ద నువ్వే పట్టుకో. నా చేత్తో కొలిస్తే నమ్మవు. ముందు ఊదా గీతలున్న ముక్క మందం చూడు."

ఆయన విసుక్కుంటూనే వంగాడు. "అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు."

"ఇప్పుడు బండికి మిగిలిన దూలం."

స్ట్రౌడ్ ఒకసారి కొలిచాడు. అద్దాలు పెట్టుకుని మళ్ళీ కొలిచాడు. "రెండు."

"ఒకే దూలం మధ్యలో సన్నబడుతుందా? లోపలి రంగు కూడా చూడు. బండి దూలం లోపలంతా నలుపు, ఈ తోక లోపల బూడిదరంగు. ఫ్యాక్టరీ వాడు ఒకే దూలాన్ని రెండు రంగుల్లో ముంచడు. ఇవి రెండు బండ్లు గార్లండ్."

ఒపల్ లేచి మోకాళ్ళు దులుపుకుంది. లోపల ఉడుకుతున్న కోపం గొంతులోకి వచ్చింది.

"ఆరిన్ చూసింది బలమైన బండి. నలభై ఏడు వేలది. వెండెల్ చూసిందీ అదే. హార్లన్ దగ్గర అదే కంపెనీది, అదే రంగుది, బక్క ఛాసీది ఇంకోటి ఉంది. పదివేలకు మించి లాగలేదు. దాన్ని ఎవరూ కొనరు. మంచిదాన్ని చూపించి బక్కదాన్ని అంటగడితే, మంచిదాన్ని ఇంకోసారి అమ్ముకోవచ్చు. అద్దం మీద నంబర్లు మార్చడం నిమిషం పని. తలుపు మీద స్టిక్కరు గీకెయ్యడం ఇంకో నిమిషం. కానీ వెండెల్ ఊదా గీత చూడకుండా బండి కదిలించడు. ఆ రంగు సీసాలు చచ్చిపోయిన లూయెల్లా పెట్టెలో తప్ప ఎక్కడా దొరకవు. అందుకని మూడు రోజుల సెలవుల్లో తోక మొత్తం కోసి, గీతలతో సహా దీనికి అతికించాడు."

"ఊహ," అన్నాడు స్ట్రౌడ్. గొంతులో మాత్రం ఇందాకటి బిగువు లేదు.

"ఊహే. రుజువు ఆ రెండో బండి కింద ఉంది. ముప్పై రెండో నంబరు. దూలాలు బూడిదరంగు, తోక నలుపు, మధ్యలో కొత్త అతుకు. అది దొరికితే ఆరిన్ బయటపడతాడు. దాన్ని ఎవరు కొన్నారో హార్లన్ చెప్పడం లేదు."

"ఎలా ఉంటుంది అది?"

"నీ ముందున్నదే. గోధుమరంగు ఒళ్ళు, మట్టిరంగు పట్టీ. ముందు పెద్ద లారీ ముక్కు."

స్ట్రౌడ్ గోడ పక్కనున్న డ్రమ్ము మీద కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒపల్ ఆయన మొహం చూసింది. ఇరవై యేళ్ళలో ఆ మనిషి భయపడగా చూడటం ఇదే మొదటిసారి.

"గార్లండ్, నువ్వేనా?"

"రిటైరయ్యాక తిరుగుదామని కొన్నా."

"ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

"వెండెల్ పోయిన మూడో రోజు. హార్లనే ఫోన్ చేశాడు. స్నేహితుడివి, సగం ధరకే ఇస్తానన్నాడు."

"సగం ధరకి! కేసు నీ చేతిలో ఉండగా!" ఒపల్ అరిచినంత పని చేసింది. "అనుమానం రాలేదా నీకు? నిన్ను కొనుక్కోవడం కాదయ్యా అది. రుజువుని దాచుకోవడం. పోలీసువాడు తన ఇంటి కింద తాను దూరి వెతుక్కోడు. ఇంతకంటే భద్రమైన చోటు వాడికి ఎక్కడ దొరుకుతుంది?"

"నేను కిందికి వంగి కూడా చూడలేదు. స్నేహితుడని..." ఆయన సిగ్గుతో తలొంచుకున్నాడు. ఒక్కసారిగా ఉలిక్కిపడి లేచాడు. "లొరేన్!"

"మీ ఆవిడా? ఏమైంది?"

"పొద్దున్నే ఆ బండికి గోడల్లేని ఫ్లాట్‌బెడ్ ట్రైలరు తగిలించి, నా పాత ట్రాక్టర్లు రెండూ ఎక్కించి ఇచ్చా. దక్షిణాన ట్రాక్టర్ల ప్రదర్శనకి. నేను శుక్రవారం వెళ్ళి కలుస్తానన్నా. ఒకటింటికి బయల్దేరింది."

"ట్రాక్టర్లతో ట్రైలరు ఎంత బరువు?"

"పదిహేను వేలు."

"ఏ దారి?"

అడిగేసరికే ఒపల్‌కి జవాబు తెలుసు. దక్షిణానికి పోవాలంటే రెడ్ మ్యూల్ వాలు తప్ప ఇంకో దారి లేదు. పదివేలు లాగే తోకకు పదిహేను వేలు తగిలించి, కొత్త అతుకుతో ఆ వాలు దిగడమంటే వెండెల్ తరవాత వంతు ఆవిడదే.

టైము మూడు కావస్తోంది. స్ట్రౌడ్ ఫోన్ నొక్కి స్పీకరు పెట్టాడు. నాలుగుసార్లు మోగాక లొరేన్ గొంతు హాయిగా వినిపించింది.

"ఏంటి, అప్పుడే బెంగ పెట్టుకున్నావా?"

"ఎక్కడున్నావ్?"

"వాలు పైన, బండ్లు ఆపుకునే రెస్ట్ ఏరియాలో. నేను ఆగేదాన్ని కాదు. హార్లన్ ఫోన్ చేసి ఆగమన్నాడు. కొక్కెం దగ్గర ఏదో సరిచూడాలంటూ పాపం ఇంత దూరం పరిగెత్తుకొచ్చాడు. ఎంత మంచివాడో చూడు! ఇరవై నిమిషాల్నుంచీ బండి కిందే ఉన్నాడు."

ఆవిడ మాటల వెనక ఇనుము కోసే గ్రైండర్ కీచుమంటోంది. వాలు దిగేటప్పుడు తోక ఊడేలా అతుకు కోస్తున్నాడని షెడ్డులో ఇద్దరికీ అర్థమైంది. ముప్పై రెండో బండి గురించి తను అడిగిన ప్రశ్నే హార్లన్‌ని అక్కడికి పరిగెత్తించిందని ఒపల్‌కి తెలిసొచ్చింది.

"లొరేన్, విను," అన్నాడు స్ట్రౌడ్. "తాళం తీసుకుని దిగు. బండి స్టార్ట్ చెయ్యకు. ఏదో వంక చెప్పి ఎక్కడైనా జనంలోకి..."

"ఇక్కడ జనం ఎవరున్నారు? నేనూ, హార్లనూ. నీ గొంతు ఏంటి అలా ఉంది?"

కీచు చప్పుడు ఆగిపోయింది.

"అయిపోయినట్టుంది. ఉండు, నీతో మాట్లాడతానంటున్నాడు. ఇస్తున్నా."

ఫోన్ చేతులు మారింది. ఆయన బూట్లు కంకర మీద నడుస్తూ దూరం జరిగిన చప్పుడు. తర్వాత ఆ తేనె గొంతు.

"సార్జెంటు గారూ, ఆ మేడమ్ మీ పక్కనే ఉన్నట్టుందే. ఉండనివ్వండి, ఇద్దరూ వినడమే మంచిది. నేను లొరేన్ గారిని ఏమీ అనలేదు, అనను కూడా. వాలు బాగా ఏటవాలుగా ఉంది, ఇప్పుడే దిగొద్దని చెబుతాను. నా దగ్గర చల్లటి టీ ఉంది. ఇద్దరం కూర్చుని తాగుతుంటాం."

"ఏం కావాలి నీకు?"

"కొత్తగా ఏమీ అక్కర్లేదండీ. మీరు అందరికీ చెప్పిందే చెయ్యండి. ఐదింటికి ఆరిన్‌ని తీసుకెళ్ళండి. తప్పు నాదేనని ఆయన చేత సంతకం పెట్టించండి. ఆ షెడ్డులో ఇనుప ముక్కలు తుక్కుకి పంపించండి. ఆ కబురు అందాక ఈ బండిని నేనే యార్డుకి తెచ్చుకుంటా, ఆవిణ్ణి ఇంటి దగ్గర దింపుతా. ఈలోపు నాకు ఒక్క పోలీసు కారు కనబడినా, దారి బాగానే ఉందమ్మా, వెళ్ళిరండి అంటాను. ఆవిడ నా మాట నమ్ముతుంది. అందరూ నమ్ముతారు."

ఫోన్ ఆగిపోయింది. స్ట్రౌడ్ దాన్ని జేబులో వేసుకున్నాడు. తర్వాత టోపీ పెట్టుకుని, నడుముకున్న బేడీలు సర్దుకుని, గుమ్మం వైపు నడిచాడు.

ఒపల్ తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఆయన సంతకం పెడితే జీవితాంతం జైల్లోనే గార్లండ్. ఆ ముసలాయన ఏ తప్పూ చెయ్యలేదని ఇప్పుడు నీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు స్ట్రౌడ్. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కుడిచెయ్యి మాత్రం తుపాకీ మీద ఉంది. "అడ్డు లే ఒపల్."